పాదరసం పిన్ని మణికట్టు

ఆ ఐదంతస్తుల మేడలో ఆవిడని అందరూ పాదరసం పిన్ని అనే పిలిచేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆవిడ మొగుడే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఆయన, మాట పొదుపు. పెళ్ళయిన కొత్తలో ఎవరో మీ ఆవిడ ఎలాంటిదండీ అని అడిగితే, కాసేపు ఆలోచించి "పాదరసం" అన్నాడట. అంతే. ఆ ఒక్క మాట మెట్లెక్కి, మెట్లు దిగి, మేడంతా తిరిగి, ఆవిడ అసలు పేరుని మింగేసింది. కింద ఉత్తరాల పెట్టె మీదున్న పేరు చూసి, ఈవిడెవరు, ఏ వాటాలో ఉంటుంది అని ఆవిడనే అడిగినవాళ్ళున్నారు.

పేరుకు తగ్గట్టే ఉండేది. కూచుని టీ తాగగా చూసినవాళ్ళు లేరు. ఒక గుక్క తాగి పొయ్యి గట్టు తుడిచేది, ఇంకో గుక్క తాగి కిటికీ ఊచలు తుడిచేది, గ్లాసు ఖాళీ అయ్యేసరికి సగం వంటిల్లు అయిపోయేది. బస్సు కోసం నిలబడ్డా నిలబడినట్టుండేది కాదు. స్తంభానికి అంటించిన పాత కాగితాలు గోటితో గీకుతూ ఉండేది.

ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ పని ఇళ్ళు శుభ్రం చేయడం. నాలుగిళ్ళు ఉండేవి. పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ ఇల్లు, తర్వాత వీధి చివర ముసలి లెక్కల మాస్టారిది, మధ్యాహ్నం కవల పిల్లలున్న జంటది, సాయంత్రం ఎప్పుడూ ఇంట్లో ఉండని విమానాల ఉద్యోగిది. నాలుగు తాళంచెవులూ ఒకే గుత్తిలో ఉండేవి. పనిలో ఆవిడకి తనదైన పద్ధతులుండేవి. దుమ్ము పైనుంచి కిందికి దులపాలి, పొడిగుడ్డ పని ముగిశాకే తడిగుడ్డ పట్టాలి. నేల శుభ్రంగా ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదు, నేల మీద కూచుని కిటికీ వెలుతురు వైపు తిరిగి చూడాలి. ఏ రాయికి ఏ నీళ్ళు పడతాయో, ఏ చెక్కకి నూనె పడదో ఆవిడకి వేళ్ళ కొసల్లో ఉండేది. ఆ ఇళ్ళవాళ్ళ గుట్టుమట్లన్నీ తెలుసు. మంచం కింద దొరికేవాటిని బట్టి, చెత్తబుట్టలో పడేవాటిని బట్టి ఎవరింట్లో ఏం నడుస్తోందో చెప్పగలదు. కానీ ఒక్క మాట బయట పెట్టి ఎరగదు.

అలాంటి మనిషి ఒకరోజు బస్సు దిగుతూ జారింది. ఎత్తులోంచి పడిందీ లేదు, బండి గుద్దిందీ లేదు. బస్సు పూర్తిగా ఆగకముందే దిగబోయింది, అదీ సంగతి. కుడిచెయ్యి ఆనించి పడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రిలో పిండికట్టు వేసి, ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. ఆవిడ తలూపింది. కట్టు విప్పాక రెండు నెలలు వ్యాయామం చేయాలన్నారు. దానికీ తలూపింది. అప్పుడు ఎముకల డాక్టరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, ఇక గుడ్డలు పిండే పని గురించి మర్చిపోతే మంచిదమ్మా అన్నాడు. ఈసారి తల ఊగలేదు. ఏం విననట్టుగా, ఆయన బల్ల మీద ఒలికిన సిరా మరకనే చూస్తూ కూచుంది. అది నిమ్మరసంతో పోతుందని చెబుదామనుకుని ఊరుకుంది.

మొదటివారం నాలుగిళ్ళ వాళ్ళూ ఫోన్ చేశారు. అందరూ మంచివాళ్ళే, మెల్లిగా కోలుకో, నువ్వొచ్చేదాకా ఎలాగో సర్దుకుంటాం అన్నారు. రెండోవారం చివరికి పళ్ళ డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసి, కాస్త నసుగుతూ, ఒక కంపెనీవాళ్ళని పెట్టుకున్నానని చెప్పింది. యూనిఫారం వేసుకుని ఇద్దరొస్తారట, గంటన్నరలో చేసి వెళ్ళిపోతారట. మాట్లాడుతూనే పిన్ని ఎడంచేత్తో తాళాల గుత్తి తీసి చూసింది. అందులో డాక్టరమ్మ తాళం ఇంకా ఉంది. దాన్ని పంపించమని ఆవిడ అడగలేదు, పంపిస్తానని పిన్నీ అనలేదు.

ఇక ఆ తర్వాత ఇంట్లో ఆవిడకి కాలు నిలిచేది కాదు. రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది. ఆ కాస్త ఇంట్లోనే రోజుకి ఎన్నిసార్లు తిరిగేదో. ఎడంచేత్తో ఊడిస్తే దుమ్ము ఒక పక్కకి పోయి ఇంకో పక్క మిగిలేది. గుడ్డ తడిపి, ఒంటి చేత్తో పిండలేక, పంపుకి చుట్టి మెలితిప్పి చూసింది. పంపు ఊడి చేతికొచ్చింది. సాయంత్రం మొగుడు పనినుంచి వచ్చి, నోరు మెదపకుండా పంపు బిగించి, చేతులు కడుక్కుని కూచున్నాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని, ఊరికి అటు చివర కాపురం. ఆదివారం వచ్చి చూసేసరికి అమ్మ స్టూలెక్కి, నోట్లో గుడ్డ కరుచుకుని, ఎడంచేత్తో ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. కూతురు అరవలేదు. స్టూలు పట్టుకుని నిలబడి, దిగేదాకా ఆగి, దిగాక సంచీలోంచి ఫోన్ తీసి అక్కడికక్కడే ఒక కంపెనీలో బుక్ చేసేసింది. వారానికోసారి, రెండు గంటలు. అందులో బోలెడు కంపెనీలున్నాయట. ఎవరికెన్ని నక్షత్రాలున్నాయో చూసి మరీ ఎంచుకుంది.

"నా ఇంటికి ఇంకొకళ్ళొచ్చి తుడవడమేమిటే" అంది పిన్ని.

"ఇరవయ్యారేళ్ళు నువ్వు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళలేదా? వాళ్ళంతా నిన్ను రానివ్వలేదా?" అంది కూతురు.

అసలు ఎప్పుడూ అటువైపునుంచి ఆలోచించలేదావిడ.

మంగళవారం పదింటికి వస్తారన్నారు. పిన్ని పొద్దున లేచినదగ్గర్నుంచే సర్దడం మొదలుపెట్టింది. వచ్చేవాళ్ళు ఇల్లు చూసి ఏమనుకుంటారోనని ఒంటి చేత్తోనే సగం ఇల్లు తుడిచేసింది. తన ఇళ్ళవాళ్ళు కూడా తనొచ్చేముందు ఇలాగే సర్దేవారని గుర్తొచ్చింది. దాన్ని చూసి ఎన్నిసార్లు లోలోపల నవ్వుకుందో.

పదింటికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కంపెనీ పేరు కుట్టిన లేతపచ్చ చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఎవరిదో పెద్ద కొలత ఈ పిల్లకి తగిలించినట్టున్నారు. చేతిలో పెద్ద సంచీ. గుమ్మంలోనే చెప్పుల మీదికి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, బట్టీపట్టినట్టుగా, "నమస్కారం మేడం, ఈరోజు మీ ఇంటిని మెరిపించడానికి వచ్చాను" అంది. ఆ మాట అంటుంటే సిగ్గుతో ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. పిన్నికి జాలేసింది. కానీ ఆ జాలి పట్టుమని పది నిమిషాలు నిలవలేదు.

ఎందుకంటే ఆ పిల్ల కిందినుంచి మొదలుపెట్టింది. ముందు నేల తుడిచి, ఆ తర్వాత అలమర దులిపింది. పిన్ని ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. కూచుంది, లేచింది, మళ్ళీ కూచుంది. చివరికి వెళ్ళి ఆ పిల్ల వెనకాల నిలబడి, పైనుంచి అమ్మా, పైనుంచి అంది. ఆ పిల్ల సరే మేడం అంది. గుడ్డ మడత తిప్పమంది. సరే మేడం అంది. ఆ మూల చూడు అంది. సరే మేడం. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, గదిలోకి వెళ్తే గదిలోకి, పిన్ని కట్టు కట్టిన చేతిని మెడకి వేలాడేసుకుని నీడలా తిరిగింది. తిరగకూడదని తెలుసు. లెక్కల మాస్టారి భార్య బతికున్న రోజుల్లో ఇలాగే తన వెనకాల తిరిగితే, వీపులో మేకు దిగినట్టుండేదని బాగా తెలుసు. తెలిసీ కాళ్ళు ఆగలేదు.

అందుకే కాబోలు, స్నానాలగది వంతు వచ్చేసరికి ఆ పిల్ల లోపలికి వెళ్ళి మెల్లిగా తలుపు మూసుకుంది. గడియ పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

పిన్ని బయట నిలబడిపోయింది. పోనీలే, కాసేపు ఊపిరి పీల్చుకోనీ అనుకుని వంటింట్లోకి నడిచింది. గ్లాసులు అటువి ఇటు పెట్టింది. రెండు మూడు నిమిషాలై ఉంటుంది. ముక్కుకి ఒక వాసన తగిలింది. ఘాటుగా, గొంతులో గీరుకున్నట్టుగా. ఆ వాసన ఆవిడకి తెలుసు. జీవితంలో ఒక్కసారే పీల్చింది, ఇరవయ్యారేళ్ళ కింద. మర్చిపోయే వాసన కాదు.

పరుగున వెళ్ళి తలుపు బాదింది. లోపల దగ్గు వినిపించింది, మాట రావడం లేదు. "గడియ తియ్యమ్మా, ముందు గడియ తియ్యి" అంటూ ఎడం భుజంతో తోసింది. రెండోసారి తోసేటప్పుడు గడియ లోపలినుంచి ఊడిందో, ఆ పిల్లే తీసిందో తెలీదు, తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల గోడ పట్టుకుని వంగిపోయి ఉంది. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. పిన్ని ఊపిరి బిగబట్టి, ఆ వదులు చొక్కాని ఎడంచేత్తో గుప్పిట పట్టి, వరండాలోకి ఈడ్చుకొచ్చేసింది. కిటికీలన్నీ తెరిచింది, వీధి తలుపు బార్లా తీసింది. మొహం కడిగించింది. దగ్గు కాస్త నెమ్మదించేదాకా ఆ పిల్ల వీపు మీద చెయ్యి తీయలేదు.

జరిగింది ఇదీ. ఆ పిల్ల కమోడులో యాసిడ్ పోసింది. మరక పోలేదు. ఇంకా తెల్లగా రావాలని దాని మీదే బ్లీచింగ్ నీళ్ళు పోసింది. ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది. మూసిన చిన్నగదిలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. సంచీలో చూస్తే రెండు సీసాలూ ఒకేలాంటివి, తెల్లవి, పెద్ద డబ్బాల్లోంచి వంపుకొచ్చినవి. మీద చీటీ కూడా లేదు. ఒకటి మూత తీసి వాసన చూస్తే యాసిడ్ అని తెలుస్తుంది మేడం అంది ఆ పిల్ల, దగ్గుతూనే, ఏదో తెలివైన ఉపాయం చెబుతున్నట్టు.

సంచీ పక్క జేబులో ఒక అట్టముక్క ఉంది. అందులో చేయవలసిన పనులు అచ్చేసి ఉన్నాయి. నవ్వుతూ పలకరించాలి, చెప్పుల మీద తొడుగులు వేసుకోవాలి, పని మొదలుపెట్టేముందు ఒక ఫోటో, అయ్యాక ఒక ఫోటో తీయాలి, అయిదు నక్షత్రాలు ఇవ్వమని మర్యాదగా అడగాలి. సీసాల ఊసే లేదు.

వీధి మొదట్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళింది పిన్ని. ప్రాణానికేం ఫరవాలేదని, రెండు రోజులు విశ్రాంతిగా ఉండాలని అక్కడ చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల ఒకటే మాట పట్టుకుంది. "కంపెనీకి చెప్పకండి మేడం. చేరి తొమ్మిది రోజులే అయింది."

"నన్ను మేడం అనకు" అంది పిన్ని. "నేనూ నీలాంటి పనిమనిషినే."

ఆ పిల్లకి అర్థం కాలేదు. పిన్ని విడమరిచి చెప్పలేదు. పనిలో తన మొదటి ఏడాది గుర్తొస్తోంది. అప్పుడూ ఇదే జరిగింది, ఎవరింట్లోనో. పదిహేను రోజులు దగ్గుతూనే పనికి వెళ్ళింది. ఈ పని అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో రంగులేసేవాడు మాటల మధ్యలో చెబితే తప్ప అది ఎందుకైందో తెలియలేదు. ఇంతకీ ఇప్పుడు ఆవిడని తొలిచేస్తున్నది కంపెనీ తప్పు ఒక్కటే కాదు. ఆ తలుపు ఆ పిల్ల ఎందుకు మూసుకుంది? తన పోరు పడలేకే కదా.

ఆ సాయంత్రం మొగుడికి జరిగింది చెప్పింది. చెబుతూ ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉంది. ఆయన అంతా విని, లిఫ్టు తలుపు తీసే పని కొత్తవాడికిస్తే మొదటి నెల పక్కన ఒకణ్ణి నిలబెడతాం అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు. పిన్ని నడక ఆపి ఆయన వంక చూసింది.

మర్నాడు బస్సెక్కి ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. కూతురికి చెబితే వద్దంటుందని చెప్పలేదు. పెద్ద ఆఫీసేమీ కాదు. టైర్ల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో ఇద్దరు ఫోన్లు ఎత్తుతూ ఉన్నారు, వెనక గదిలో బకెట్లు, కర్రలు, డబ్బాలు గుట్టగా పోసి ఉన్నాయి. మేనేజరు ముప్ఫై అయిదేళ్ళవాడు, మర్యాదస్తుడు. కట్టు చూసి లేచి కుర్చీ వేశాడు. పిన్ని కూచోలేదు.

ఆవిడ రెండు మాటలు చెప్పగానే అతను కంప్యూటర్లో చూసి, చాలా బాధగా ఉంది మేడం, వచ్చే రెండుసార్లూ ఉచితంగా చేయిస్తాం, ఆ అమ్మాయిని ఇవాళే తీసేస్తాం అన్నాడు.

"ఆ పిల్ల తప్పు లేదు బాబూ" అంది పిన్ని. "తలుపు మూసుకునేలా చేసింది నేను. ఏది దేంతో కలపకూడదో చెప్పనిది మీరు. తీసేయాలంటే మన ఇద్దరినీ తీసెయ్."

ఫోన్ల దగ్గరున్నవాళ్ళు ఒకసారి తల ఎత్తి చూశారు. మేనేజరు మొహం కందగడ్డలా అయింది. మేమూ నేర్పుతాం మేడం, అరగంట వీడియో ఉంది అన్నాడు. చూపించమంది. నిలబడే అరగంటా చూసింది. అందులో ఒకామె అందంగా తలుపు తట్టడం, అందంగా నమస్కారం పెట్టడం, అందంగా సెలవు తీసుకోవడం ఉంది. చీపురు ఒక్కసారి కనిపించింది, అదీ గోడకి ఆనించి. చూడటం అయ్యాక పిన్ని మేనేజరు వంక చూసింది. అతను కిటికీ వంక చూశాడు. చివరికి, అమ్మాయిని తీసేయను, నేర్పే సంగతి ఆలోచిస్తాను అన్నాడు. ఆలోచిస్తాను అన్న మాటకి అర్థం పిన్నికి తెలుసు. పనిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట వింటూనే ఉంది.

ఇంటికొచ్చాక రెండు వారాలు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆ వెనక గదిలో చూసిన తెల్ల సీసాలు కళ్ళముందు ఆడుతుండేవి. ఈ ఘడియలో ఎవరింట్లో ఏ పిల్ల ఏది దేంట్లో పోస్తోందో అని ఉలిక్కిపడేది. మూడోవారం ఒక పొద్దున కూతురికి ఫోన్ చేసి ఆ బుకింగ్ ఎలా చేయాలో నేర్పమంది. కూతురు మురిసిపోయింది, అమ్మ దారికొచ్చిందని.

అప్పట్నుంచి ఆవిడ వారానికి మూడుసార్లు బుక్ చేయసాగింది. ప్రతిసారీ ఒకటే షరతు పెట్టేది, ఇంతకుముందు వచ్చినవాళ్ళు కాకుండా కొత్తవాళ్ళు రావాలని. వచ్చినవాళ్ళని ముందు కూచోబెట్టేది. టీ పెట్టమనేది, ఆవిడ చెయ్యి బాగాలేదు గనక వాళ్ళే పెట్టుకునేవాళ్ళు. తర్వాత సంచీలోని సీసాలన్నీ బల్ల మీదికి తీయించేది. యాసిడ్‌కి ఎర్ర టేపు, బ్లీచింగ్‌కి నీలం టేపు అంటించేది. ఎర్రదీ నీలందీ ఒక గదిలోకి ఒకేరోజు పోకూడదు, స్నానాలగది తలుపు ఎవరేమన్నా మూయకూడదు, ఇంటివాళ్ళు వెనకాల నిలబడి సతాయిస్తే నన్ను తలుచుకుని తిట్టుకోండి గానీ తలుపు మాత్రం వేసుకోకండి అని చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ తర్వాత నేల మీద కూచోబెట్టి, కిటికీ వైపు తిప్పి, వాళ్ళు తుడిచిన నేలని వాళ్ళకే చూపించేది. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో రెండు టేపు చుట్టలు పెట్టి పంపేది.

ఈసారి వెనకాల తిరగలేదు. అదొక్కటే చాలా కష్టమైంది ఆవిడకి. చెప్పాల్సింది చెప్పేసి, వరండాలోకి వెళ్ళి, కటకటాలు పట్టుకుని నిలబడేది. లోపల ఏ చప్పుడైనా పళ్ళు బిగించుకుని కదలకుండా ఉండేది.

మొగుడు పది రోజులు చూసి, ఇల్లు అద్దంలా ఉంది కదా, మళ్ళీ ఎందుకు పిలుస్తున్నావ్ అన్నాడు. దుమ్ము అంది. ఆయన అలమర మీద వేలు రాసి, ఆ వేలుని వెలుతురులో చూసుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చేటప్పుడు కరెంటు పనికి వాడే టేపు ఎర్రవి అరడజను, నీలంవి అరడజను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

కట్టు విప్పిన వారంలోనే మేనేజరు ఇంటికి వచ్చాడు. ఆ పొద్దున చేతిని చూసుకుంటూ కూచుంది పిన్ని. చెయ్యి సన్నబడి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. గుప్పిట మూడొంతులు మూసుకుంటుంది, ఆపైన రాదు. ఎముకల డాక్టరు చెప్పినమాట అప్పటిదాకా చెవిన పెట్టలేదు. ఇప్పుడు తడిగుడ్డ ఒకటి తీసుకుని పిండి చూసింది. గుడ్డలోంచి నీళ్ళు కారడమైతే కారాయి గానీ, చాలావరకు అందులోనే ఉండిపోయాయి. గుడ్డని అలాగే బకెట్లో వదిలేసింది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

మేనేజరు కూచుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మీ పేరు మా దగ్గర ఒక జాబితాలో ఉందమ్మా అన్నాడు. ఒకసారి వచ్చిన మనిషిని మళ్ళీ రానివ్వరు, ఎవరూ నచ్చరు, చాలా చికాకు మనిషి అని రాసుకున్నారట. ఈమధ్య వెనక గదిలో సీసాలన్నీ ఎర్రటేపు, నీలం టేపులతో కనిపిస్తుంటే ఎవరు అంటించారని అడిగాడట. ఒక్కొక్కరూ ఒకటే చెప్పారట, పాదరసం పిన్ని అని. పనివాళ్ళంతా ఒకరికొకరు ఆ రంగుల సంగతి చెప్పుకుంటున్నారట. మొన్న ఒక ఇంట్లో కొత్తగా చేరినవాడు రెండూ కలపబోతుంటే, పక్కనున్నామె చేయి పట్టుకుని ఆపిందట.

"వచ్చి నేర్పుతారా?" అన్నాడు. "వారానికి రెండు పొద్దులు."

కలలో అయినా ఇలాంటిది అనుకోలేదు పిన్ని. అయినా సంతోషం పైకి రానివ్వలేదు. లేచి గదంతా ఒక చుట్టు తిరిగొచ్చి మూడు సంగతులు అడిగింది. కంపెనీ డబ్బాల మీద, సీసాల మీద ఏముందో రాసి ఉండాలి. చేరినవాళ్ళని మొదటి నెల ఒంటరిగా ఏ ఇంటికీ పంపకూడదు. ఆ వీడియో తీసేయాలి. మొదటిది వెంటనే ఒప్పుకున్నాడు. వీడియో చాలా ఖర్చు పెట్టి తీయించాం, అది ఉండనివ్వండి, మీరు దాని తర్వాత చెప్పండి అని బతిమాలాడు. నెల అన్నదాన్ని వారం చేయమన్నాడు. పది నిమిషాలు వాదించుకుని రెండు వారాల దగ్గర ఆగారు.

మొదటిరోజు ఏడుగురు వచ్చారు, అందులో ఇద్దరు మగవాళ్ళు. బకెట్ల గది ఖాళీ చేసి బల్లలు వేశారు. జీవితంలో ఏడుగురు ఒకేసారి తన వంక చూడటం పిన్నికి అదే మొదలు. గడగడా చెప్పేసింది. గంట చెప్పాల్సింది ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన, ఏదో కార్ఖానా మూసేస్తే ఈ పనికి వచ్చినవాడు, పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, మేమెక్కడికీ పోవడం లేదు. కాస్త కూచుని చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది. కూచుని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. బల్ల కింద ఆవిడ కాలు మాత్రం ఆడుతూనే ఉంది.

ఆ ఏడుగురిలో వదులు చొక్కా పిల్ల లేదు. వస్తుందనే అనుకుంది పిన్ని. వాకబు చేస్తే, నెల కిందటే మానేసిందని తెలిసింది. మేనేజరు తీసేయలేదు, తనే మానేసింది. నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. ఆ పిల్ల గొంతు గుర్తుపట్టింది. ఇప్పుడు మందుల పెట్టెలు కట్టే చోట పని చేస్తున్నానంది. ఇక్కడ ఇప్పుడు అన్నీ మారాయని, తిరిగి రమ్మని, తనే పక్కన ఉండి చూసుకుంటానని పిన్ని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఆ పిల్ల నెమ్మదిగా, "ఎవరి స్నానాలగదిలోకైనా వెళ్తే నాకు ఊపిరాడదు పిన్నీ" అంది.

సరేనమ్మా, జాగ్రత్త అంది పిన్ని. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. అరిగిపోయిన నాలుగు తాళాలున్న గుత్తి ముందున్న మేకుకి వేలాడుతోంది. ఎప్పుడో తిరిగి ఇచ్చేయాల్సినవి. ఆ సాయంత్రమే వాటిని విడదీసి నాలుగు కవర్లలో పెట్టింది.

తర్వాతి తరగతి గురువారం, తొమ్మిదింటికి. పిన్ని ఎనిమిదింటికి ఇరవై నిమిషాలుండగానే అక్కడికి చేరింది. టైర్ల దుకాణం ఇంకా తెరవలేదు. పైన ఆఫీసుకి తాళం. సంచీ భుజానికి తగిలించుకుని, ఆ కాలిబాట మీద ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తూ, ఇవాళ ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో తనలో తనే గొణుక్కోవడం మొదలుపెట్టింది.